శ్రుతి దింపుట – లావుతీగ
భద్రాద్రి భజనలలో తంబుర మీటిన పెద్దలకు, తీగను వదులుచేసిన మాత్రమున మంద్రశ్రుతి చక్కగా పలుకదని తెలియును. కొత్తగూడెపు కుఱ్ఱవాడు వాయించు విద్యుత్ గిటారునకును అదియే ధర్మము.

దాని లావుతీగ సెకనునకు 82 మారులు కంపించును. రెండు మెట్లు దింపి 73కు తెచ్చినచో, బిగువు అయిదవవంతు తగ్గి, తీగ మెట్లకు తగిలి జీరపోవును. కావున మఱింత లావైన తీగ వేయవలెను. అది పట్టుటకై మెడ మొనగట్టునందలి గాడిని వెడల్పు చేయవలెను, లోతు చేయరాదు. బిగువు హెచ్చి మెడ ముందునకు వంగినచో, లోనికడ్డీ మరను కొద్దికొద్దిగా బిగింపవలెను. పండ్రెండవ మెట్టుపై నొక్కిన స్వరము, అచ్చటనే తాకి విడిచిన స్వరముకంటె హెచ్చినచో, గుఱ్ఱమును వెనుకకు జరుపవలెను.

లోతుగా కోసిన గాడి సులభముగా పూడదు. తొందరపాటున త్రిప్పిన మర మెడను చెఱచును. ఆ సమయమున "నిదానము నాయనా" యను పెద్దలు ప్రక్కనుండుట వాద్యమునకు రక్ష.