ట్యాబ్ ఇచ్చారు, టీచరేరీ?

2023 వేసవి సెలవులకు ముందు తిరువూరు సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, ఎనిమిదో తరగతి గదిలో ఒక పూట కూర్చున్నాను. ప్రతి విద్యార్థి చేతిలోనూ ట్యాబ్ ఉంది. తెరమీద ఒక గొంతు బీజగణితం చెబుతోంది. లెక్కల మాస్టారు మాత్రం గదిలో లేరు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లోకి ఎక్కించే పనిమీద ఉన్నారు. మాదిగపల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి నన్ను అడిగింది: ‘‘సార్, ఇది చెప్పుకుంటూ పోతుంది. నాకు అర్థం కాలేదని దీనికెలా తెలుస్తుంది?’’

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. నేను పుట్టిందీ ఈ ప్రాంతపు పల్లెలోనే. నా చేతికొచ్చిన తొలి బోధన పరికరం పలక. దానిమీద నా చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన మాస్టారు ఉన్నారు కాబట్టే ఇవాళ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నాను. మా ముందు తరానికి ఆ చెయ్యి దొరకలేదు. తన పలకను పంతులు ముట్టుకునేవాడు కాదనీ, దూరం నుంచే చూసి తప్పొప్పులు చెప్పేవాడనీ మా నాన్న చెప్పేవాడు. అంబేడ్కర్ నల్లబల్ల దగ్గరికి వెళ్తుంటే, దాని వెనుక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు గగ్గోలు పెట్టిన సంఘటన ఆయన జీవితచరిత్రలో ఉంది. అక్కడ నల్లబల్లకు లోటు లేదు. ఆ బిడ్డను దాని దగ్గరికి రానిచ్చే సమాజం లేదు.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. తొలి విడతలో దాదాపు 4.6 లక్షల మంది విద్యార్థులకూ, 59 వేల మంది ఉపాధ్యాయులకూ అవి అందాయి. వెంటనే ఒక వర్గం వెక్కిరింపు మొదలుపెట్టింది. పేద పిల్లలు వాటిలో సినిమాలు చూస్తున్నారనీ, చెడిపోతున్నారనీ అన్నది. తమ పిల్లలకు ఖరీదైన ఫోన్లు కొనిచ్చినప్పుడు వీరికి ఈ నీతి గుర్తురాలేదు. కూలి తల్లిదండ్రుల బిడ్డ చేతికి తెర రావడం తప్పు కాదు, హక్కు. ఈ మాటలో నాకు సందేహం లేదు.

నా అభ్యంతరం వేరు. ట్యాబులు వచ్చిన ఆ 2022లోనే, జూన్‌లో, జీవో 117 వచ్చింది. ఉపాధ్యాయ పోస్టుల హేతుబద్ధీకరణ పేరుతో ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించే విధానం అది. వాడలో ఉన్న బడి దూరమైతే ముందుగా బడి మానేది ఎవరి పిల్లలో వేరే చెప్పనక్కర్లేదు. ఒక చేత్తో టీచరును వెనక్కి తీసుకుని, మరో చేత్తో ట్యాబ్ ఇవ్వడాన్ని సంస్కరణ అనలేం. కార్పొరేట్ బడిలో చదివే బిడ్డకు టీచరుకు తోడుగా పరికరం, పల్లె బిడ్డకు టీచరుకు బదులుగా పరికరం! ఇది పాత కులవిభజనకు కొత్త రూపం.

పాఠమైనా మనదా అంటే అదీ కాదు. 2022 జూన్‌లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న బైజూస్ సంస్థ తయారు చేసిన పాఠాలే ట్యాబుల్లో చేరాయి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ ప్రారంభమైంది. అదే ఏడాది రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది, ట్యాబుల పంపిణీ ఆగింది. కంపెనీ లాభనష్టాల మీదా, పార్టీల గెలుపోటముల మీదా ఆధారపడే పాఠం ఎన్నాళ్లు నిలుస్తుంది?

పెరూ దేశం పేద పిల్లలకు లక్షలాది ల్యాప్‌టాప్‌లు పంచింది. లెక్కల్లో, భాషలో వారి మార్కులు పెరగలేదని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మరోవైపు, కరోనా కాలంలో కేరళ ప్రభుత్వ విద్యా చానల్ ద్వారా తన ఉపాధ్యాయుల చేతనే ‘ఫస్ట్ బెల్’ పాఠాలు చెప్పించింది. పాఠమూ ప్రజలదే, టీచరూ ప్రజలవాడే. మనకు కావలసిన దారి అది.

తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఓటు అడగడానికి వచ్చినవారిని మన విద్యార్థులు మూడు విషయాలు నిలదీయాలి. ఖాళీగా ఉన్న ప్రతి టీచరు పోస్టునూ ఎప్పుడు భర్తీ చేస్తారు? యాప్‌ల చాకిరీ నుంచి టీచర్లను విడిపించి తరగతి గదికి ఎప్పుడు పంపుతారు? తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ ప్రభుత్వమే సొంత పాఠాలు ఎప్పుడు తయారు చేయిస్తుంది? వీటికి జవాబు వచ్చాక ట్యాబులు మళ్లీ ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాం. అర్థం కాలేదని ఆ అమ్మాయి చెయ్యెత్తినప్పుడు, ఆ చేతిని చూసే మనిషి గదిలో ఉండాలి.