కాతేరు రాతిగనిలో కడలి నత్త

జ్యోతినగరున విద్యుత్తును పుట్టించు బొగ్గు గోదావరి లోయలోని గనులది. ఆ బొగ్గును అంటియున్న పలకరాళ్లను చీల్చినచో గ్లాసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల ముద్రలు కానవచ్చును. అవి 25 కోట్ల ఏండ్లకు పూర్వపు చిత్తడినేలలలో పెరిగినవి. నదులు కూర్చిన ఆ పొరలలో సముద్రపు నత్తకై వెదకు విద్యార్థికి శ్రమయే మిగులును. కాని అదే గోదావరి వెంట దిగువకు సాగి రాజమహేంద్రవరము చేరినచో, కాతేరు, పంగిడి, దుద్దుకూరు ప్రాంతముల రాతిగనులలో, నల్లరాతి అడుగునను, నల్లరాతి పొరల నడుమను, నత్తగుల్లలు శిలలై నిలిచియున్నవి.

ఈ రెండు నేలలను శోధించినవాడు ఒక్కడే. 1871లో ఇల్లెందు చెంత బొగ్గును కనుగొన్న డాక్టరు విలియం కింగ్, 1880లో గోదావరి తీరప్రాంతపు శిలలను గూర్చియు గ్రంథము వెలువరించెను. అంతకు ముందే, 1860లో, నాగపురమున నివసించిన స్కాట్లండు మతబోధకుడు స్టీఫెన్ హిస్లప్ రాజమహేంద్రవరపు గుల్లలను వర్ణించి, పెక్కింటికి నూతన నామముల నొసగెను.

గుల్లకు పేరు పెట్టుట సులభమని తోచవచ్చును. ట్యూరిటెల్లా అను నత్తగుల్ల మరమేకువలె చుట్లు తిరిగి కొనదేలియుండును. సెరిథియమ్ అను మరియొక నత్తయు చూపునకు అట్లే ఉండును. భేదము నోటికడ తెలియును: మొదటిదాని నోరు ఇంచుమించు గుండ్రము; రెండవదాని నోటి అడుగున చిన్న కాలువవంటి నొక్కు కలదు. రాతిలో ముందుగా విరుగునది ఆ నోటి అంచే! అప్పుడు చుట్లపైని గట్లను లెక్కింపవలెను, పెరుగుదల రేఖల వంపును చూడవలెను, కొన మిగిలియున్నచో పసితనపు తొలిచుట్టును భూతద్దముతో పరికింపవలెను. గుల్ల కరగిపోయి లోపలి మట్టి అచ్చు మాత్రమే దొరకినచో, జాతిని తేల్చక ప్రజాతి నామముతో ఆగుట మేలు. దొరకినవి ఒకటి రెండే అయినచో జాగ్రత్త మరింత కావలెను. లేతనత్తకును ముదురునత్తకును గల రూపభేదమును చూచి, రెండు జాతులని భ్రమించుటకు వీలున్నది. క్రొత్త జాతిని ప్రకటించువారు ఒక గుల్లను ప్రమాణముగా నిలిపి భద్రపరచునది ఇందుకే. తరువాతివారు దానితో పోల్చి ఒప్పుకొనవచ్చును, కాదనవచ్చును.

ఇంత పట్టుదల ఎందుకు? నత్త పేరునుబట్టి నేల చరిత్ర తేలును. ట్యూరిటెల్లా కడలి ఇసుకలో సగము పూడి బ్రతుకు జీవి. ఫైసా మంచినీటి నత్త. కాతేరు పొరలలో ఉప్పునీటి జీవులును మంచినీటి జీవులును కలిసియుండుటచేత, అచట నాడు నదీముఖము ఉండెనని గ్రహింతుము.

అయినను కాలనిర్ణయమున గుల్లలు తికమక పెట్టగలవు. హిస్లప్ ఈ పొరలను ఇయోసీను యుగమునకు చెందినవిగా తలచెను. ట్యూరిటెల్లా వంటి నత్తల రూపము యుగములు మారినను అంతగా మారదు; కావున పోలిక ఒక్కటే కాలమునకు సాక్ష్యము కాజాలదు. 2008లో గెర్టా కెల్లర్ బృందము రాజమహేంద్రవరపు గనులలో నల్లరాతి పొరల నడుమ, సూక్ష్మదర్శినికి మాత్రమే అందు ఫొరామినిఫెరా గుల్లలను పరీక్షించెను. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాటి మహావినాశమున రాక్షసిబల్లులు అంతరించిన వెంటనే సముద్రములో తేలియాడిన జీవులవని తేలెను. హిస్లప్ తలచిన కాలముకంటె ఈ పొరలు ప్రాచీనములు. ఆ వినాశమునకు దక్కను లావా ఎంతవరకు కారణమను వాదములో గోదావరి తీరపు రాతిగనులు ఆ విధముగా సాక్షులైనవి.

పిల్లలు ఎచటనైనను గుల్లరాయి కనుగొన్నచో, దానిని ఊడబెరుకుటకు ముందు అది ఏ పొరలో, దేనిపైన, దేనిక్రింద ఉన్నదో వ్రాసికొనునట్లు ఉపాధ్యాయులు నేర్పవలెను. పొర తెలియని గుల్ల అందమైన రాయి మాత్రమే; పొర తెలిసినచో అది చరిత్రకు పనికివచ్చును.