ఆయుధం, హక్కు, రాజ్యాధికారం

పల్నాడు అనగానే చదువరులకు మొదట స్ఫురించేది వీరగాథ. కారెంపూడిలో నేటికీ కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఆయుధాలకు భక్తితో పూజలు జరుగుతాయి. ఇట్టి సీమలో ఆయుధం ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి అనుమతితో ఉండాలి అన్న ప్రశ్న చట్టగ్రంథాలకు మాత్రమే చెందినది కాదు. పౌరుని హక్కుకూ ప్రభుత్వాధికారానికీ గల సంబంధం యావత్తూ అందులో ఇమిడి ఉంది.

మన దేశంలో ఆయుధ చట్టం పాలకుల అవిశ్వాసం నుండి జనించింది. 1857 తిరుగుబాటు అనంతరం ప్రజల చేతిలో ఆయుధాలుండడం ఆంగ్లేయులకు భయకారణమైంది. వైస్రాయి లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన చట్టం, లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధం ధరించరాదని శాసించి, ఐరోపా జాతీయులకు మాత్రం మినహాయింపు ప్రసాదించింది. అహింసామూర్తి అయిన గాంధీజీ సైతం, ఒక జాతినంతటినీ నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని బ్రిటిషు పాలనలోని మిక్కిలి హేయమైన చర్యగా నిరసించారు.

ప్రజలను నమ్మని ప్రభుత్వం ఎట్టిదో పల్నాడుకు అనుభవపూర్వకంగా తెలుసు. అడవిలో పశువులను మేపుకొనేందుకు విధించిన పుల్లరికి వ్యతిరేకంగా 1921లో ఇక్కడి రైతులు సత్యాగ్రహానికి పూనుకున్నారు. ఉద్యోగులకు గ్రామాలలో అన్నపానాలు, సేవలు దొరకకుండా బహిష్కరించారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగారు. ప్రభుత్వం చేతిలోని తుపాకీని సంజాయిషీ అడిగే మార్గం ప్రజలకు ఉండాలన్న సత్యాన్ని ఆ నెత్తురు చాటింది.

ఇట్టి అనుభవాల నేపథ్యంలోనే, 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు సైతం చోటు చేసుకుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ అందుకు సమ్మతించలేదు, సవరణ వీగిపోయింది. తుదకు 19వ అధికరణం పౌరులకు శాంతియుతంగా, నిరాయుధంగా సమావేశమయ్యే హక్కునే ప్రసాదించింది. సిక్కులు కృపాణం ధరించడాన్ని మాత్రం 25వ అధికరణం మతస్వాతంత్ర్యంలో భాగంగా గుర్తించింది. అమెరికా మార్గం వేరు. అక్కడ 1791 నాటి రెండవ సవరణ ఆయుధ హక్కును రాజ్యాంగంలోనే నిలిపింది. ఆత్మరక్షణకు ఇంటిలో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని 2008లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి ఆయుధం ప్రాథమిక హక్కు కానప్పుడు అధికారి చిత్తమే చట్టమా? కాదు. స్వతంత్ర భారతం 1878 చట్టాన్ని తొలగించి 1959లో కొత్త ఆయుధ చట్టం చేసింది. లైసెన్సు కోరినవానికి తగిన ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని ఈ చట్టంలోని 14వ సెక్షను చెబుతుంది. నిరాకరిస్తే కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాహితానికి భంగం కలిగే సందర్భాలలో తప్ప, అడిగితే తెలియజేయాలి. 18వ సెక్షను కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ప్రభుత్వమే స్వయంగా ఇచ్చిన ఆజ్ఞపై అప్పీలు లేకపోయినా హైకోర్టు ద్వారం తెరిచే ఉంది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది.

కానీ మన గ్రామాలను దహించేది లైసెన్సు తుపాకీ కంటె ముఖ్యంగా వేటకొడవలి, నాటుబాంబు. ప్రాణహాని తలపెట్టి బాంబు తయారుచేసినా, దాచినా 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద యావజ్జీవ కారాగారం దాకా శిక్ష పడవచ్చు. అయినా ముఠా కక్షలలో వాటి వినియోగం అంతరించలేదు. "పోలీసులు ఆ పక్షం వారు, మమ్మల్ని మేమే కాపాడుకోవాలి" అన్నది ప్రతి ముఠా చెప్పే సమర్థన. ఆ అనుమానం ఒక్కొక్కసారి నిరాధారం కాకపోవచ్చు. అయితే అధికారం మీద అనుమానంతో చేపట్టిన ఆ బాంబు ఏనాడూ అధికారం మీద పడదు. అది పొరుగింటి మీద పడుతుంది. కూలికి పోయే మనిషి, బడికి పోయే బిడ్డ దానికి బలి అవుతారు. మరునాడు అదే కారణంగా ఊరిలో నిషేధాజ్ఞలు, పోలీసు శిబిరాలు వెలుస్తాయి. అనగా ప్రజలు శంకించిన ఆ అధికారమే మరింత బలపడుతుంది.

దీనికి భిన్నమైన మార్గం ఒకటి ఉన్నది. 2024 మే 13 నాటి పోలింగు సందర్భంగా, ఆ తరువాత పల్నాడు జిల్లాలో జరిగిన హింసకు బాధ్యులుగా ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేయించింది. ఎస్పీని సస్పెండు చేయించింది. అధికారిని సంజాయిషీ అడిగింది రాజ్యాంగమే కాని నాటుబాంబు కాదు.

విద్యార్థులారా! ప్రభుత్వాన్ని గుడ్డిగా నమ్మమని ఏ రాజ్యాంగమూ చెప్పదు. అందుకే కదా ప్రాథమిక హక్కులు, న్యాయస్థానాలు, ఓటు ఏర్పడ్డాయి! దరఖాస్తు వ్రాయలేని తండ్రికి దానిని వ్రాసిపెట్టడం, తిరస్కరించిన అధికారిని కారణం వ్రాసి ఇమ్మని వినయంగా అడగడం, అన్యాయమైతే అప్పీలు చేయడం చదువుకున్నవారు చేయగల పనులు. వీరుల ఆయుధాలను పూజించే ఈ పల్నాడే, సకల కులాలను ఒక్క చాపపై కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడును కూడా స్మరిస్తుంది. పొరుగువానితో కలిసి భుజించగల ఊరిలో బాంబుకు పని ఉండదు. అట్టి ఊరు ఏకకంఠంతో ప్రశ్నిస్తే ఏ ప్రభుత్వమైనా సమాధానం చెప్పక తప్పదు.