మాయమయ్యే కంతి

మందు పడగానే జబ్బు తగ్గితే సంతోషించని వారెవరు? కాని మెదడులో పుట్టే ఒక జబ్బు విషయంలో వైద్యులు ఆ సంతోషాన్నే అనుమానిస్తారు. దాని పేరు లింఫోమా.

మన శరీరాన్ని కాపాడే తెల్లకణాలలో లింఫోసైట్లు ఒక తెగ. అవి అదుపు తప్పి పెరిగితే వచ్చే కేన్సరే యిది. ఒక్కొక్కప్పుడు మెదడులోనే మొదలవుతుంది.

కపాలం తెరవకుండా మెదడును చూడగల సి.టి. యంత్రాన్ని హౌన్స్‌ఫీల్డు 1971లో లండనులో తొలిసారి రోగిపై ప్రయోగించాడు. తరువాత వచ్చిన ఎమ్.ఆర్.ఐ. మరింత సూక్ష్మంగా చూపుతుంది. నరంలోకి గెడోలినియం మందు ఎక్కించి తీస్తే లింఫోమా తరచు నిండుగా, తెల్లగా మెరుస్తుంది. కణాలు క్రిక్కిరిసి ఉండడంవల్ల నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేవు. ఆ సంగతీ యంత్రం పసిగడుతుంది. అయినా బొమ్మ రుజువు కాదు. ఇతర కంతులూ, కొన్ని అంటురోగాలూ ఇదే వేషం వేయగలవు. అందుచేత సాధారణంగా సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి.

చిక్కంతా యిక్కడే. మెదడు వాపు తగ్గడానికి స్టిరాయిడ్ ఇస్తే, అది లింఫోమా కణాలనూ చంపుతుంది. కొద్ది రోజుల్లోనే బొమ్మలో కంతి కరిగిపోవచ్చు. ఇంటిల్లిపాదీ మొక్కులు తీర్చుకుంటారు. కాని జబ్బు పోలేదు, దాగింది! అప్పుడు ముక్క తీసినా ఆనవాలు దొరకకపోవచ్చు. అది మళ్ళీ తలెత్తేలోగా అమూల్యమైన కాలం గడిచిపోతుంది.

అందుకే, ప్రాణాపాయం లేనప్పుడు ముందు ముక్క పరీక్ష, తరువాతే స్టిరాయిడ్ అంటారు నిపుణులు. బంధువులు పాత ఫిల్ములూ, వాడిన మందుల చీటీలూ దాచకుండా వైద్యునికి చూపాలి. వాడుతున్న స్టిరాయిడ్‌ను మాత్రం సొంతంగా మానరాదు.