ఏజెంటు... ఎవరి మనిషి?

ఒకరి దగ్గర ఒక్క కంపెనీ పాలసీలే ఉంటాయి. ఇంకొకరి సంచిలో పది కంపెనీల కాగితాలుంటాయి. ఎవరి దగ్గర బీమా తీసుకుంటే మేలు? కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ధర ఒక్కటే చూస్తే సరిపోదు!

మార్చి నెల వచ్చిందంటే బీమా ఏజెంట్ల బళ్లకు తీరికుండదు. ‘‘జర ఒక్క పాలసీ చెయ్యరాదే అన్నా, లెక్క దాటిపోతది’’ అంటూ తెలిసిన ప్రతి గుమ్మమూ తొక్కుతారు. వచ్చినవాడు వరసకు బావమరిదో, పిల్లలకు చదువు చెప్పిన సారో అయి ఉంటాడు. కాదంటే బాగుండదు. దాంతో ఎన్నేళ్లు కట్టాలో, మధ్యలో ఆపేస్తే చేతికెంత వస్తుందో తెలియకుండానే సంతకం పడిపోతుంది.

ఇప్పుడు అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. అప్పు కోసం బ్యాంకుకు వెళితే అక్కడా పాలసీ మాటే. ఫోను తెరిస్తే పది కంపెనీల ధరలు పక్కపక్కన కనిపిస్తాయి. కొత్త బండి కొంటే షోరూములోనే బీమా కాగితం చేతిలో పెడతారు. జనం నోట వీళ్లందరికీ ఒకటే పేరు... ఏజెంటు. చట్టం మాత్రం వీళ్లను వేర్వేరుగా చూస్తుంది. ఆ తేడా ఏమిటో పాలసీ తీసుకునేటప్పుడు ఎవరికీ పట్టదు. కుటుంబానికి డబ్బు అవసరమైన రోజునే అది బయటపడుతుంది.

ఒక్క గూటి మనిషి

ఒకప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు. 1956లో 245 సంస్థల వ్యాపారాన్ని కలిపి ప్రభుత్వం ఎల్‌ఐసీని ఏర్పాటు చేసింది. జీవిత బీమా అంటే ఆ సంస్థే, ఏజెంటు అంటే ఆ సంస్థ మనిషే. 1973 నుంచి వాహనాలు, దుకాణాల బీమా నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వెళ్లింది. 1999లో ఐఆర్‌డీఏ చట్టం వచ్చాకే ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే.

కంపెనీలు పెరిగినా ఏజెంటు గూడు మాత్రం మారలేదు. పంటల బీమాలాంటి ఏదో ఒక్క రకానికే పరిమితమైన సంస్థల సంగతి వదిలేస్తే... ఒక వ్యక్తి జీవిత బీమాలో ఒక కంపెనీకి, సాధారణ బీమాలో ఒక కంపెనీకి, ఆరోగ్య బీమాలో ఒక కంపెనీకి మాత్రమే ఏజెంటుగా ఉండగలడు. ఎల్‌ఐసీ ఏజెంటు మరో జీవిత బీమా కంపెనీ పాలసీ అమ్మడానికి వీల్లేదు. పక్క కంపెనీలో అదే రక్షణ తక్కువ ధరకు దొరుకుతోందని తెలిసినా, దాన్ని మీకు అమ్మే అధికారం అతనికి లేదు. అతను పనిచేసేది కంపెనీ తరఫున.

పది కంపెనీల మనిషి

బ్రోకర్ల వ్యవస్థకు మన దేశంలో 2002లో నిబంధనలు వచ్చాయి. బ్రోకరు ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడడు. అతను నిలబడాల్సింది కొనేవాడి తరఫున. మీ వయసు, ఆదాయం, అవసరం అడిగి తెలుసుకుని, నాలుగు కంపెనీల పాలసీలు పోల్చి, ఇది మంచిదని ఎందుకంటున్నాడో చెప్పాలి. తన పొరపాటు వల్ల ఖాతాదారుకు నష్టం జరిగితే చెల్లించడానికి బ్రోకింగ్ సంస్థ తన మీద తానే ఒక బీమా తీసుకుని ఉండాలి కూడా! ఫోనులో ధరలు పోల్చి చూపే పాలసీబజార్ 2021లో తీసుకున్నదీ బ్రోకరు లైసెన్సే.

బ్యాంకు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. దాన్ని కార్పొరేట్ ఏజెంటు అంటారు. 2015 నిబంధనల ప్రకారం ఒక్కో విభాగంలో మూడేసి కంపెనీల పాలసీలు అమ్మే వీలుండేది. 2022లో దాన్ని తొమ్మిదికి పెంచారు. అయినా బ్యాంకులో చాలాచోట్ల ముందుకొచ్చేది సొంత గ్రూపు కంపెనీ కాగితమే. ఒక్క మాట గుర్తుంచుకోవాలి... మా పాలసీ తీసుకుంటేనే అప్పు ఇస్తామనడానికి ఏ బ్యాంకుకూ హక్కు లేదు.

ఇద్దరికీ జీతమిచ్చేది ఒకరే!

అలాగని బ్రోకరు దగ్గరికి వెళితే కళ్లు మూసుకోవచ్చా? కుదరదు. అతనికీ కమీషన్ వచ్చేది బీమా కంపెనీ నుంచే. ఎక్కువ కమీషన్ ఇచ్చే కంపెనీ వైపు మొగ్గే ప్రమాదం అక్కడా ఉంది.

జీవిత బీమాలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. చాలాకాలం చట్టం ఏజెంటుకు మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం, రెండు మూడు ఏళ్లలో ఏడున్నర శాతం, ఆ తర్వాత 5 శాతం దాకా కమీషన్‌ను అనుమతించింది. 2023 నుంచి ఈ విడివిడి పరిమితుల స్థానంలో కంపెనీ మొత్తం ఖర్చుకు పరిమితి పెట్టారు. పాత లెక్కే ఉదాహరణగా తీసుకుందాం. ఏడాదికి 50 వేలు కట్టే పొదుపు పాలసీ అమ్మితే మొదటి ఏడాది 17,500 రూపాయల దాకా వస్తుంది. 8 వేల ప్రీమియం టర్మ్ పాలసీ అమ్మితే 2,800 దాటదు. టర్మ్ పాలసీలో తిరిగొచ్చే సొమ్ము ఉండదు కానీ, చిన్న ప్రీమియానికి పెద్ద రక్షణ దొరుకుతుంది. సంపాదించే మనిషి ఒక్కడే ఉన్న ఇంటికి ముందు కావాల్సింది అదే. అమ్మేవాడి నోట ముందొచ్చేది మాత్రం పొదుపు పాలసీ. ఎందుకో పై లెక్క చూస్తే తెలియడం లేదూ!

‘మొదటి ప్రీమియం నేనే కడతా’ అంటూ కమీషన్‌లో వాటా ఇవ్వజూపడం బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం. ఏజెంటు చేసినా, బ్రోకరు చేసినా తప్పే. 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఎల్లారెడ్డి లెక్క వేరు

చట్టం ప్రకారం చూస్తే బ్రోకరుదే పైచేయి. అయినా ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో జనం ఒక్క కంపెనీ ఏజెంటునే నమ్ముకోవడంలో అర్థం లేకపోలేదు. ఇంటిపెద్ద పోయినప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం, పాలసీ బాండు, క్లెయిం ఫారం, నామినీ బ్యాంకు వివరాలు పట్టుకుని తిరగాలి. ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక కూడా కావాలి. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లడం, ఒక కాగితం తక్కువైందని తిరిగి రావడం... దుఃఖంలో ఉన్న ఇల్లాలికి అదెంత భారం! ఊళ్లోనే ఉండే ఏజెంటు అయితే దినాలు కాకముందే తలుపు తడతాడు. రేపు అదే ఊళ్లో మరో పాలసీ అమ్మాలి కనుక మొహం చాటేయలేడు. క్లెయింలో సాయపడటం ఏజెంటుకైనా, బ్రోకరుకైనా బాధ్యతే. కాకపోతే ఫోను అవతలి గొంతు వేరు, గడపలో నిలబడ్డ మనిషి వేరు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఏజెంటు పని మానేసినా, ఊరొదిలి వెళ్లినా పాలసీ దిక్కులేనిదవుతుంది. అప్పుడు అడిగేదీ, గుర్తుచేసేదీ ఎవరూ ఉండరు. అందుకే నమ్మకం మనిషి మీద ఉన్నా, కాగితం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి.

డబ్బు ఎవరి చేతికిచ్చారు?

ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చెబుతుంది. 1987 జూన్‌లో ఒక పాలసీదారు గడువు దాటిన ప్రీమియం కోసం ఎల్‌ఐసీ ఏజెంటుకు బేరర్ చెక్కు ఇచ్చాడు. చెక్కు సొమ్ము చేతికందినా అది సంస్థకు చేరలేదు. ఆగస్టు 9న పాలసీదారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ మర్నాడు ప్రీమియం ఆఫీసులో జమైంది! ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదని నిబంధనల్లో ఉంది కాబట్టి, అతనికి ఇచ్చిన సొమ్ము సంస్థకు ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. పాలసీ అప్పటికే రద్దయింది. బీమా సొమ్ము అందలేదు.

అందుకే ఎంత దగ్గరివాడైనా చేతికి నగదు ఇవ్వకూడదు. కంపెనీ పేరున చెక్కో, ఆన్‌లైన్ చెల్లింపో చేసి రసీదు తీసుకోవాలి.

ఫారం ఎవరు నింపారు?

డబ్బు తర్వాత అంత ముఖ్యమైంది ప్రపోజల్ ఫారం. ‘మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా’ అనే మాట చాలా ఇళ్లలో వినిపించేదే. షుగరు ఉన్నా లేదని, బీడీ అలవాటున్నా లేదని టిక్కు పడిపోతుంది. అబద్ధం రాసింది ఏజెంటే కావచ్చు. కింద సంతకం మాత్రం మీది. జీవిత బీమాలో మొదటి మూడేళ్లలోపు మరణిస్తే కంపెనీ ఆ ఫారం తిరగేస్తుంది. మూడేళ్లు దాటితే 45వ సెక్షన్ కుటుంబానికి అండగా ఉంటుంది, ఏ కారణం చూపినా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. ఆరోగ్య బీమాలో ఈ గడువు అయిదేళ్లు. అది దాటాక మోసం ఉందని రుజువైతే తప్ప క్లెయిం కాదనకూడదు.

ఫారం ఇంగ్లిషులో ఉండి సంతకం తెలుగులో చేస్తే, అందులోని విషయాలు చదివి వినిపించినట్టు రాసిన ధ్రువీకరణ ఒకటి ఉంటుంది. నిజంగా చదివి వినిపించాకే సంతకం పెట్టాలి.

ఏ అవసరానికి ఎవరు?

బండికి: థర్డ్ పార్టీ బీమా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఎవరి దగ్గర తీసుకున్నా ఒకటే. బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ పోల్చి చూపేవాడు ఉంటే లాభం.

ఆరోగ్యానికి: గది అద్దెపై పరిమితి, పాత జబ్బులకు ఎదురుచూసే కాలం, మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందా లేదా... ఇవన్నీ కంపెనీకో రకంగా ఉంటాయి. నాలుగు కంపెనీలు చూడాల్సిందే. పాత జబ్బులకు ఎదురుచూసే కాలం 2024 నిబంధనల ప్రకారం మూడేళ్లకు మించకూడదు.

జీవిత బీమాకు: టర్మ్ పాలసీ ధరలు పోల్చి తెలుసుకోండి. క్లెయిం రోజున ఎవరు వస్తారో అదీ చూసుకోండి. ఒకే పాలసీకి బ్రోకరు దగ్గరా, ఏజెంటు దగ్గరా ధర మారదు. కొన్నింటికి నేరుగా ఆన్‌లైన్‌లో తగ్గింపు ఉంటుంది.

ఎవరూ అక్కర్లేనివి: 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో ప్రీమియం ప్రభుత్వానిదే, నామినీకి 5 లక్షలు. కామారెడ్డి జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తుంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలకు జీవన్‌జ్యోతి, 20 రూపాయలకు సురక్ష బీమా దొరుకుతాయి. ఒక్కోటీ రెండేసి లక్షలు. వీటి గురించి ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచడం మరవొద్దు.

సంతకానికి ముందు...

* మీరు ఎన్ని కంపెనీల పాలసీలు అమ్మగలరు? గుర్తింపు కార్డు చూపిస్తారా?
* ఇదే డబ్బుకు టర్మ్ పాలసీ తీసుకుంటే ఎంత రక్షణ వస్తుంది?
* రెండేళ్లకే ఆపేస్తే చేతికి ఎంతొస్తుంది?
* ముఖ్యాంశాల పత్రం తెలుగులో ఇప్పిస్తారా?
* 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. చెప్పిన ధరలో దాన్ని కలిపారా?

పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు. క్లెయిం దగ్గర అన్యాయం జరిగితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ పట్టించుకోకపోతే 155255కి ఫోను చేసి బీమా భరోసాలో నమోదు చేయించవచ్చు. నెల రోజులు గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బ్రోకర్ల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

బావమరిది దగ్గర పాలసీ తీసుకోవడం తప్పేమీ కాదు. పోల్చిచూసే పని అతను చేయలేడు కనుక అది మీరే చేసుకుని, ఆ తర్వాత సంతకం పెట్టండి... చుట్టరికమూ నిలుస్తుంది, పాలసీ కూడా!