నోరు విప్పితే మాఫీ.. దాస్తే మళ్లీ బోను!

కౌల్‌ బజార్‌ (బళ్లారి): తెలుగు పేపర్లో ‘అప్రూవర్‌’. పక్కనున్న కన్నడ పేపర్లో ‘మాఫీ సాక్షి’. రెండూ తిరగేసే కౌల్‌ బజార్‌ వాసులకు కన్నడ మాటే చప్పున అర్థమవుతుంది. తప్పు మాఫీ చేస్తారు, బదులుగా సాక్ష్యం చెప్పాలి. అయితే ఆ మాటలో కనిపించని షరతులు చాలానే ఉన్నాయి.

కోర్టు భాష ఈ ఊరికి కొత్తేం కాదు. ఓబుళాపురం గనుల కేసులో 2011 సెప్టెంబరు 5న గాలి జనార్దనరెడ్డిని సీబీఐ బళ్లారిలో అరెస్టు చేసి హైదరాబాద్‌ తీసుకెళ్లింది. 2025 మే 6న సీబీఐ కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. అప్రూవర్‌ సంగతి మాత్రం కడప కేసుతోనే తెలుగువారి ఇళ్లలో చర్చకొచ్చింది.

మాజీ మంత్రి వై.ఎస్‌.వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలో హత్యకు గురయ్యారు. నిందితుల్లో ఒకరు, ఆయన మాజీ డ్రైవరు షేక్‌ దస్తగిరి 2021లో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చారు. సీబీఐ కోరడంతో అదే ఏడాది నవంబరులో కడప కోర్టు మాఫీ మంజూరు చేసింది. దానిపై దాఖలైన పిటిషన్లను ఏపీ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. అదే ఏడాది నవంబరు 29న సుప్రీంకోర్టు కేసును హైదరాబాద్‌కు మార్చింది.

తానూ ఉన్నానన్న మనిషిని వదిలేయడమేంటని జనం అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నాలుగు గోడల మధ్య సాగిన కుట్రను బయటివాడెవడు చూస్తాడు? లోపలివాడే చెప్పాలి. ఊరికే చెప్పడు కదా!

పోలీసుల చేతిలో లేదు

మాఫీ ఇచ్చేది కోర్టే. పోలీసులో, ప్రాసిక్యూటరో ‘నిన్ను తప్పిస్తాం’ అని చెవిలో చెప్తే చెల్లదు. పాత సీఆర్పీసీలో 306 నుంచి 308 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 343 నుంచి 345 దీనికి ఆధారం. సెషన్స్‌ కోర్టు విచారించే కేసులు, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్షపడే కేసులు దీని కిందికి వస్తాయి. తెలిసిందంతా, నిజంగా చెప్పాలి. అప్పటికే బెయిలుపై లేకపోతే విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలి. ఇది చాలామందికి తెలియదు.

తర్వాత మాట మార్చినా, కావాలని దాచినా, షరతు తప్పాడని పబ్లిక్‌ ప్రాసిక్యూటర్‌ ధ్రువీకరిస్తే పాత నేరానికే మళ్లీ విచారణ. అప్పుడు తానిచ్చిన వాంగ్మూలమే తన మెడకు చుట్టుకుంటుంది. హైకోర్టు అనుమతితో తప్పుడు సాక్ష్యం కేసూ తోడవుతుంది.

‘ప్లీ బార్గెయినింగ్‌’ వేరే సంగతి. 2006 జులై నుంచి మన చట్టంలో ఉంది. ఏడేళ్లు మించని శిక్ష ఉండే కేసుల్లో నేరం ఒప్పుకొని, బాధితుడితో రాజీపడి శిక్ష తగ్గించుకోవడం. మహిళలు, పిల్లలపై నేరాలకు వర్తించదు. ఇంకొకరిపై సాక్ష్యం చెప్పాలన్న బేరం ఇందులో లేదు. అమెరికాలో ఆ రెండూ కలిసిపోయాయి. అక్కడి ఫెడరల్‌ కోర్టుల్లో శిక్షలు పడిన కేసుల్లో 97 శాతం నేరం ఒప్పుకున్నవేనని 2012లో వాళ్ల సుప్రీంకోర్టే రాసింది. సాక్షికి ఇచ్చిన మాటను దాచకూడదని 1972లోనే తేల్చింది.

ఎవరిని ఎంచుకుంటారు?

అసలు చిక్కు ఇక్కడే. ఢిల్లీ మద్యం కేసులో అరెస్టయిన శరత్‌చంద్రారెడ్డి 2023లో అప్రూవరయ్యారు. 2024 ఆగస్టు 27న కవితకు బెయిలిస్తూ సుప్రీంకోర్టు దర్యాప్తు సంస్థల తీరును తప్పుపట్టింది. తన తప్పు తానే చెప్పుకున్నవారిని సాక్షిగా మార్చి, ఇష్టమొచ్చినవారిని నిందితులుగా ఎంచుకుంటారా అని నిలదీసింది.

అందుకే అప్రూవర్‌ మాట ఒక్కటే చాలదు. అతను నమ్మదగినవాడై ఉండాలి, మాటకు వేరే ఆధారం తోడు కావాలి. ఈ రెండు పరీక్షలూ పెట్టాలని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కొత్త సాక్ష్య చట్టం 138వ సెక్షన్‌లోనూ ‘తోడు ఆధారం’ అన్న మాట చేరింది.

పెద్ద కేసుల్లో పెద్దలకు పెద్ద లాయర్లుంటారు. లారీ డ్రైవరో, గుమస్తానో ఇరుక్కుంటే? వాంగ్మూలం తీసుకునే ముందు ‘చెప్పి తీరాలని లేదు, చెప్తే నీ మీదే వాడొచ్చు’ అని మేజిస్ట్రేటు హెచ్చరించాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవా ప్రాధికారకు దరఖాస్తు చేసుకోవచ్చు, కస్టడీలో ఉన్నవారికి ఉచితం. ప్రాణభయం ఉంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద రక్షణ కోరవచ్చు. తెలుగు తప్ప రానివాళ్లు కన్నడ కాగితంపై సంతకం పెట్టేముందు, అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పమని అడగాలి.