ఆ మంద ఎవరిది?

బెజవాడలో రాత్రి తొమ్మిది దాటాక పెద్దరోడ్ల మీదికి వెళ్లి చూడండి. డివైడర్ పక్కన వరసగా పడుకుని తాపీగా నెమరేస్తూ ఆవులు కనిపిస్తాయి. తారు వెచ్చగా ఉంటుంది. బళ్ల గాలికి దోమలు నిలవవు. వాటి లెక్క వాటిది! స్కూటీ మీద పిల్లల్ని ఎక్కించుకుని ఇల్లు చేరాల్సిన మన లెక్క వేరు. చీకట్లో నల్లావు ఎదురైతే బ్రేకు వేసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

మా వీధిలో ఓ టీచరుగారు కిందటి వానాకాలంలో ఇలాగే ఆవును తప్పించబోయి పడ్డారు. మణికట్టు విరిగింది. చూడ్డానికి వెళితే ఆవిడన్నమాట ఇది: "ఆవుదేం తప్పుందండీ? రోడ్డు మీద వదిలేసినవాళ్లని అనాలిగానీ!"

నిజమే కదూ! ఇంతకీ ఎవరు వదిలేశారు?

ఊరికో బందెలదొడ్డి

మన అమ్మమ్మల కాలంలో ఊరి పోరంబోకు బీడు, చెరువుగట్టు అందరి పశువులకీ ఉమ్మడి మేత. కాపరి పొద్దున్నే గొడ్లని తోలుకెళ్లి సందెవేళకి మళ్లీ ఇళ్లకి చేర్చేవాడు. ఏ గొడ్డయినా పక్కవాళ్ల చేలో పడిందా, బందెలదొడ్డికి తోలేవారు. యజమాని రుసుము కట్టి విడిపించుకోవాల్సిందే. 1871లో బ్రిటిష్‌వాళ్లు దీనికో చట్టమే చేశారు. అంటే మేత ఉమ్మడిదే అయినా, గొడ్డు బాధ్యత మాత్రం దాని యజమానిదన్నమాట.

ఆ మేత హక్కు ఎంత విలువైందో పల్నాడు చెబుతుంది. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు సర్కారు పుల్లరి కట్టమంటే ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణాలే అర్పించాడు.

ఇక మన డెల్టా సంగతి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఎక్కడ చూసినా వరే. బీళ్లు చేలయ్యాయి. ట్రాక్టరొచ్చి ఎద్దుని ఇంట్లో కూర్చోబెట్టింది. కోత మిషన్లు వచ్చాక గడ్డి వాముకి చేరడమూ తగ్గింది. ఎద్దుతో పనిలేనప్పుడు కోడెదూడని ఎవరు సాకుతారు? వట్టిపోయిన ఆవుకి గడ్డి ఎవరు కొంటారు? అలా వీధిన పడినవి కొన్ని. మిగతావాటికి యజమానులున్నారు! పొద్దున పాలు పితుక్కుని వదిలేస్తారు, సాయంత్రం అవే ఇంటికొస్తాయి. పాలు వాళ్లవి, మేత ఖర్చు ఊరిది. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధిపశువులు 50 లక్షలకి పైమాటే.

వదిలేస్తే ఏమవుతాయి?

మన రాష్ట్రంలోనే ఓ ఉదాహరణ ఉంది. 1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని ఎంపిక చేశారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడే ఉండిపోయిన పశువులు తరాలు గడిచేసరికి మనిషి చేతికి చిక్కని అడవి మందలయ్యాయి. అస్సాంలోని డిబ్రూ-సైఖోవా పార్కులో అడవి గుర్రాలున్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం వదిలేసిన గుర్రాల సంతానమని వాటికి పేరు.

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి అడవి గుర్రాలని కాపాడింది ఓ మామూలు ఉద్యోగిని అంటే నమ్ముతారా? నెవాడా రాష్ట్రానికి చెందిన వెల్మా జాన్‌స్టన్ ఆఫీసులో సెక్రటరీ. 1950లో ఓరోజు ఆఫీసుకెళుతూ ముందున్న లారీలోంచి నెత్తురు కారడం చూసింది. వెంబడిస్తే తెలిసింది, అందులో ఉన్నవి కబేళాకి తోలుతున్న అడవి గుర్రాలని. గిట్టనివాళ్లు 'వైల్డ్ హార్స్ యానీ' అని వెక్కిరించినా ఆవిడ వెనక్కి తగ్గలేదు. బడిపిల్లలతో వేలకొద్దీ ఉత్తరాలు రాయించింది. విమానాలతో, మోటారుబళ్లతో గుర్రాల్ని తరమకూడదని 1959లో, ప్రభుత్వ భూముల్లో వాటికి రక్షణ కల్పిస్తూ 1971లో చట్టాలొచ్చాయి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మందలు పెరిగాయి. ఆ భూములు సుమారు 26 వేల గుర్రాల్ని, గాడిదల్ని పోషించగలవని అధికారుల లెక్క. 2024 నాటికి అవి 73 వేలు దాటాయి. పట్టి తెచ్చిన మరో 60 వేలకి పైగా పశువుల్ని సర్కారు దొడ్లలో మేపుతోంది. కొన్నిచోట్ల ఆడగుర్రాలకి గర్భనిరోధక టీకాలు కూడా వేస్తున్నారు. కాపాడడం ఒక ఎత్తయితే, మంద పెరక్కుండా చూసుకోవడం ఇంకో ఎత్తు.

మనమేం చేయొచ్చు?

రహదారుల మీది పశువుల్ని తొలగించి సంరక్షణ కేంద్రాలకి చేర్చమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. కానీ అమెరికా దొడ్లు మనకో పాఠం. తోలుకెళ్లి కట్టేస్తే సరిపోదు. మేతకి డబ్బు ఏటా కావాలి, కొత్తగా వీధిన పడేవి ఆగాలి.

అందుకు మార్గాలు లేకపోలేదు. ఆవు చెవికి పసుప్పచ్చ బిళ్ల చూశారా? దానిమీద పన్నెండంకెల నంబరుంటుంది. దాంతో యజమానిని పట్టుకుని జరిమానా వేయొచ్చు. నూటికి తొంభై పాళ్లు పెయ్యదూడలే పుట్టేలా చేసే వీర్యం డోసులు ఇప్పుడొచ్చాయి. పాడి ఉన్నవాళ్లు పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. అక్కర్లేని కోడెదూడలు తగ్గితే రోడ్డు మీద మందా తగ్గుతుంది.

మన వంటింట్లోంచి చేయాల్సిందీ ఒకటుంది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ప్లాస్టిక్ కవర్లో వేసి ముడికట్టి పారేస్తే ఆవు కవరుతో సహా మింగేస్తుంది. అది బయటికి రాదు, అరగదు. ఒక్కో ఆవు పొట్టలోంచి డాక్టర్లు పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సందర్భాలున్నాయి. పొట్ట నిండుగానే కనిపిస్తుంది, గొడ్డు మాత్రం ఆకలితో చస్తుంది. తొక్కలు విడిగా బకెట్లో వేసి చెత్తబండికి ఇవ్వండి.

శుక్రవారం అరటిపండు పెట్టి దణ్ణం పెట్టుకునే అలవాటుంటే మానుకోమనను. నడిరోడ్డు మీద పెట్టొద్దంటాను. తిండి దొరికేచోటికే పశువు మళ్లీ వస్తుంది. ఆ పండేదో దగ్గర్లోని గోశాలకి పట్టుకెళ్లండి, వీలైతే ఓ గడ్డిమోపు కూడా. గాయపడిన పశువు కనిపిస్తే పశు అంబులెన్సుకి 1962 నంబరుకి ఫోన్ చేయండి. మీ వీధిలో రోజూ పాలు పితికి వదిలేసేవాళ్లెవరో ఆడవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. నలుగురూ కలిసి వెళ్లి, గట్టిగానే, మర్యాదగానే అడగండి. ఒక్కరడిగితే గొడవంటారు, వీధంతా అడిగితే గొడ్డుని కట్టేసుకుంటారు.